28వ రోజున బట్ట తీసి చూడండి: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

పసిబిడ్డ ఒంటి మీద మచ్చ చూసిన పీహెచ్‌సీ డాక్టరు ఏ బిడ్డను ఇంటికి పంపొచ్చు, ఏ బిడ్డను ఆ వారంలోనే కాకినాడలో నిపుణుల దగ్గరికి పంపాలి? ఈ ఏడాది మన పనంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు పట్టుబట్టింది కూడా దీని గురించే.

"పెద్దయితే అదే పోద్దిలెండి" అన్న మాట మనలో వినని ఇల్లు లేదు. అది అబద్ధమేమీ కాదు. స్ట్రాబెర్రీ మచ్చ అని పిలుచుకునే హెమాంజియోమా, అంటే రక్తనాళాలు గుంపుగా పెరిగి వచ్చే మచ్చ, చాలామంది పిల్లల్లో నాలుగేళ్లు వచ్చేసరికి చాలావరకు తగ్గుతుంది. తగ్గేలోపు అది చేసే నష్టం దగ్గరే మన గొడవంతా. రెప్ప మీద పెరిగి కన్ను మూసేస్తే ఆ కంటికి చూపు సరిగా రాదు. ముక్కు కొనన పెరిగితే ముక్కు ఆకారమే మారిపోతుంది.

మా అమ్మాయికి పై పెదవి మీద వచ్చింది. మూడో వారంలో గోరింటాకు చుక్కంత ఉండేది. మా అత్తగారు అదృష్టం మచ్చని మురిసిపోయారు. మేం చూపించిన చోట ఆర్నెల్లు ఆగి రమ్మన్నారు. రెండున్నర నెలలకు పెదవి పగిలి పుండయింది. పాలకి ఏడ్చేది, నోరు పెట్టగానే నొప్పికి వదిలేసి మళ్లీ ఏడ్చేది. నా రవిక మీద పాల మరకల్లో నెత్తుటి చారలుండేవి. ఆ రోజులు ఇంకో తల్లికి రాకూడదనే ఈ సంఘంలో పనిచేస్తున్నాను.

ఈ మచ్చ అన్నిటికంటే వేగంగా పెరిగేది 5 నుంచి 7 వారాల మధ్య. మన దగ్గర బిడ్డ పుట్టినప్పటి టీకాల తర్వాత మళ్లీ సూదికి వెళ్లేది 6 వారాలకు. అంటే డాక్టరు చూసేసరికే పెరుగుదల ఊపులో ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రమాదం అనిపించిన మచ్చను నెల వయసుకల్లా నిపుణులకు చూపించమంటున్నాయి. మనకు అంతకంటే మంచి వీలుంది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తుంది. అందుకే బట్ట తీసి ఒళ్లంతా చూడ్డానికి 28వ రోజును పట్టుకున్నాం.

ఆశాలతో కూర్చున్నప్పుడు ఒకావిడ ఉన్నమాట చెప్పింది: "బరువు తూస్తామండి, ఒళ్లు వేడి చూస్తామండి. పాతచీర గుడ్డలో చుట్టేసున్న బిడ్డని విప్పితే పెద్దోళ్లు ఊరుకోరండి." ఆ తర్వాతి నుంచి అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని కూడా సమావేశాలకు పిలిచాం. ఈ ఏడాది మనం తీసుకున్న మంచి నిర్ణయం ఇదేనని నా నమ్మకం.

డాక్టర్ల కోసం 2020లో వెలువడిన హెమాంజియోమా రిఫరల్ స్కోరును తెలుగులో వివరించాం. అందులో 12 ప్రశ్నలు, రెండు భాగాలు. మొదటి ఆరింటిలో ఒక్కదానికి అవునన్నా పంపాల్సిందే. అన్నిటికీ కాదంటే మిగతా ఆరింటికి మార్కులు వేస్తారు, 4 దాటినా, 4 వచ్చినా పంపాలి. గోడకు అంటించే కాగితం మీద మాత్రం ఇంకా తేలిగ్గా రాశాం: కన్ను, ముక్కు, పెదవి దగ్గర మచ్చ, పుండు పడ్డది, ముఖం మీద వెడల్పుగా పరుచుకున్నది అయితే పంపాలి; ఒంటి మీద ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే కాలేయానికి స్కాన్. గడ్డం, దవడల మీద మచ్చలుండి ఊపిరిలో శబ్దం వస్తే ఆ పూటే పంపాలి.

అన్నిటినీ పంపమనడం మన ఉద్దేశం కాదు. పిరుదుల మీద, నడుం మీద నీలంగా కనిపించే మచ్చలు మన పిల్లల్లో చాలా మామూలు, వాటికి ఏ మందూ అక్కర్లేదు. లంకల నుంచి పడవ దాటి వచ్చే కూలి మనిషికి ఒక ప్రయాణమంటే ఒక రోజు కూలి పోయినట్టే. పుట్టినప్పటినుంచీ నుదుటి మీదో రెప్ప మీదో చదునుగా ఉండే ముదురెరుపు మచ్చ సంగతి వేరు. అది పోదు. కంటి ఒత్తిడి, ఫిట్స్ ఉన్నాయేమో చూడాలి కాబట్టి దాన్ని పంపాలి.

హెమాంజియోమా తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ మందు పేరు చెబితే "గుండె మందు పసిదానికా?" అని ఇళ్లలో భయపడుతున్నారు. ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు గుండె జబ్బున్న బిడ్డకు ఇస్తే మచ్చ తగ్గడం గమనించి 2008లో లోకానికి చెప్పారు. పాలు పట్టాకే మందు వెయ్యాలి. బిడ్డ పాలు తాగకపోతే, పిల్లికూతలు వస్తే ఆపి డాక్టరుకు ఫోన్ చెయ్యాలి. ఈ ముక్క ప్రతి తల్లి చేత రెండుసార్లు చెప్పించుకుంటున్నాం. మచ్చకు సున్నం, పసరు పెట్టడం, వాతలు వెయ్యడం ఇంకా ఆగలేదు. అక్కడ మన పని చాలలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడాది గోడ కాగితంలో మన పిల్లల రంగు ఒంటి మీద మచ్చ ఎలా కనిపిస్తుందో చూపే ఫోటోలు పెట్టాలి. మొదట్లో అది ఎర్రగా కాక పాలిపోయిన మరకలానో, సన్నటి ఎర్ర దారాల్లానో ఉండొచ్చు. మీ దగ్గర మొదటి నెల ఫోటోలుంటే, ముఖం గుర్తుపట్టకుండా కత్తిరించి, ఏ వారంలో తీసిందో రాసి సంఘానికి పంపండి.

కార్యదర్శి