మాంట్‌గోమరీలో ఉండపాకం

మాంట్‌గోమరీ,
అలబామా రాష్ట్రం, అమెరికా,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రుడికి,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి దసరా వెళ్ళాక జవాబు రాస్తున్నాను. తప్పంతా నాదే, క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేసిన కాగితాలు సొరుగులో అలాగే ఉన్నాయి. ఇక్కడ అందరం కులాసా. అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది, అబ్బాయికి కళ్ళజోడు వచ్చింది, నా ఉద్యోగం ఎక్కడిదక్కడే ఉంది. మిగతావి మరోసారి రాస్తాను. నిన్న పక్కింటి వంటగదిలో జరిగిన సంగతి నీకు చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

పక్కింటి పెద్దావిడ గురించి ఇదివరకు రాశాను. ఎనభయ్యో పడిలో ఉన్నారు, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ, చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశారు. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో పెద్దవాళ్ళను ఉత్త పేరుతో పిలవరు, పేరుకు ముందు 'మిస్' చేర్చడం మర్యాద. నేను మాత్రం మొదటినుంచీ మామ్మగారనే పిలుస్తున్నాను. ఆ మాటకు అర్థం చెప్పించుకున్నాక ఆవిడ కూడా అదే ఖాయం చేశారు. ప్రతి ఏడూ ఈ రోజుల్లో వాళ్ళ చర్చిలో ఒక పండుగ జరుగుతుంది. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళందరూ ఆ ఒక్క ఆదివారానికి తిరిగి వచ్చి కలిసి భోజనం చేస్తారు. ఆ భోజనానికి కారమెల్ కేకు మామ్మగారిదే. ఈసారి వేళ్ళ కీళ్ళు పట్టేసి గరిటె తిప్పలేకపోతున్నానని, కాసేపు నా చేతులు అరువిమ్మని అడిగారు.

ఈ కేకును నువ్వు చూసి ఉండవు. వెన్న, గుడ్లు దండిగా వేసిన పసుపుపచ్చని కేకును మూడు పొరలుగా కాల్చి, పొరల మధ్యా, పైనా, చుట్టూ కాచిన పాకం పూస్తారు. కేకు ఎలాగోలా అందరికీ కుదురుతుంది, కుదరనిది ఆ పూతే. దుకాణంలో దొరికేవాటికి పొడి చేసిన పంచదారా వెన్నా కలిపి పూసేస్తారు కాబట్టి వాటికి రంగు ఉంటుందేగాని ఆ రుచి ఉండదు. జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మా ఇంట్లో నేనే ప్రయత్నించాను. మొదటిసారి పాకమంతా ఇసుకలా పలుకులు కట్టింది. రెండోసారి ముసురు పట్టిన రోజున చేశాను, పూత గట్టిపడకుండా పొరల మీదనుంచి పళ్ళెంలోకి జారిపోయింది. మామ్మగారికి చెబితే, వానపడే రోజున ఈ పొయ్యి ఎవరు వెలిగించమన్నారని మందలించారు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు పంచదార దాన్ని పీల్చుకుంటుంది, అందుకే ఇక్కడివాళ్ళు కారమెల్ కేకుకు పొడి రోజు చూసుకుంటారు. వేసవిలో ఈ ఊరి గాలి మన కోనసీమ గాలిలాగే ఉంటుంది, పిండేస్తే నీళ్ళు కారతాయి.

నిన్న మాత్రం ఆకాశంలో మబ్బు తునక లేదు. వెన్న, గుడ్లు, పాలు తెల్లవారుజామునే బయట పెట్టి ఉంచారు, చల్లటివి వాడితే వెన్న విరిగిపోతుందట. వెన్నా పంచదారా తెల్లబడి పొంగేదాకా గిలక్కొట్టించారు. తరువాత గుడ్లు ఒక్కొక్కటిగా, ఆపైన పిండీ పాలూ మార్చి మార్చి, పిండితో మొదలుపెట్టి పిండితోనే ముగించాలి. పిండి విషయంలో ఆవిడకు పట్టుదల ఎక్కువ. ఉత్తరాది మైదానాల గట్టి గోధుమ రొట్టెకు పనికొస్తుంది, దక్షిణాదిలో చలికాలం పండే మెత్తని గోధుమలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి కేకు సాగకుండా గుల్లగా వస్తుంది. 1883లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో పుట్టిన వైట్ లిలీ పిండి తప్ప ఆవిడ ఇంట్లో ఇంకొకటి అడుగుపెట్టదు. మీ నాయనమ్మగారు అరిసెలకు తడిపిండి కాక మరొకటి ముట్టనివ్వకపోవడం గుర్తొచ్చి లోలోపల నవ్వుకున్నాను. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో అరగంట లోపే మూడు పొరలూ కాలి, వేలితో నొక్కితే తిరిగి పైకి లేచాయి.

అసలు పని అప్పుడు మొదలైంది. ఆవిడ తల్లి వాడిన ఇనుప మూకుడు పొయ్యిమీద పెట్టి, అరకప్పు పంచదారను నీళ్ళు కలపకుండా కరిగించమన్నారు. అంచుల్లో ముందు కరిగి, తేనెరంగు తిరిగి, తరువాత రాగిరంగుకు వచ్చింది. ఇంకొక్క క్షణం ఉంచితే చేదెక్కుతుందని నా ముంజేయి తట్టి దింపించారు. పక్క పొయ్యిమీద పెద్ద గిన్నెలో రెండున్నర కప్పుల పంచదార, ఒక డబ్బా చిక్కటి ఎవాపరేటెడ్ పాలు, వెన్న కాగుతున్నాయి. కరిగిన పంచదారను అందులో పోయగానే బుస్సుమని పొంగి, గడ్డకట్టి, మళ్ళీ మెల్లగా కరిగిపోయింది. గిన్నె గోడలకు అంటిన పలుకులను తడికుంచెతో లోపలికి తుడిపించారు. అక్కడినుంచి ఒక్క పలుకు పాకంలో పడినా దాన్ని పట్టుకుని మిగతాదంతా పలుకు కట్టేస్తుందట. జులైలో నా పాకం ఎందుకు చెడిందో అప్పుడు తెలిసింది. మన బెల్లప్పాకానికి ఈ బెడద అంతగా లేకపోవడానికి కారణం, బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉండి పంచదార పలుకులను చేరనివ్వకపోవడమే. కాజాల పాకంలో మీ అమ్మగారు నిమ్మచెక్క పిండేదీ ఇందుకే.

ఆ తరువాతి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

సొరుగులో ఉష్ణమాపకం ఉంది. 238 డిగ్రీలు రావాలని నేను చదివి ఉన్నాను కాబట్టి దాన్ని తీయబోయాను. మామ్మగారు వద్దని తల ఊపి, ఒక కప్పులో చన్నీళ్ళు తెప్పించి, గరిటె అంచునుంచి ఒక చుక్క అందులో వదిలారు. అది చెదిరి అడుగుకు పాకింది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ వేశారు. నీళ్ళలోకి రెండు వేళ్ళు పోనిచ్చి, ఆ చుక్కను దగ్గరకు జరిపి, బొటనవేలితో ఉండ చేయడానికి చూశారు. మిత్రమా, నా చేతిలో గరిటె ఆగిపోయింది. మీ పెరటి వసారాలో, భోగి ముందురోజు, నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెం ముందు కూర్చుని మీ నాయనమ్మగారు పెట్టిన వేళ్ళే అవి. మోచేయి అంతే పైకి లేచింది, తల అంతే పక్కకు వాలింది. నేను తెలుగులో "లేత, ఇంకా ఉండపాకం రాలేదు" అనేశాను. ఆవిడ ఏమన్నావని అడిగారు. చెప్పాను. అయితే నువ్వే చూడమని కప్పు నా ముందుకు జరిపారు.

నేను చూశాను. ఉండ నిలిచినట్టే ఉంది, వేళ్ళ మధ్య ఒక రవ్వ సాగింది. "ఇంకొక్క నిమిషం" అన్నాను. ఆవిడ వాదించలేదు, గడియారం చూడలేదు. ఆ నిమిషం తరువాత వేసిన చుక్క మెత్తగా, గుండ్రంగా నిలబడింది. పొయ్యి కట్టేశారు. అరిసెలు వండడం నాకెవ్వరూ నేర్పలేదు. పక్కన కూర్చుని చూసినదే ఇన్నేళ్ళూ ఈ వేళ్ళలో దాగి ఉంది. పదమూడో అరిసె నీదో నాదో ఇప్పటికీ తేలలేదు కాని, దాని పాకం మాత్రం నిన్న నాకు పనికొచ్చింది.

ఉప్పురవ్వ, వెనిలా వేసి చెక్కగరిటెతో గిలక్కొట్టడం నా వంతు. నిగనిగ పోయి చిక్కబడేదాకా ఆపకూడదు. చేయి లాగుతుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పారు. 1955 డిసెంబరులో ఈ ఊరి నల్లజాతివారు బస్సుల్లో చూపే వర్ణవివక్షకు నిరసనగా వాటిని ఎక్కడం మానేసినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. 381 రోజులు తల్లి పనికి నడిచే వెళ్ళిందట. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఆ ఉద్యమం తరఫున కోర్టులో సాక్ష్యం చెప్పి, ఉద్యోగం పోగొట్టుకుని, ఇంట్లోనే వండి అమ్మడం మొదలుపెట్టారు. ఆవిడా తోటి ఆడవాళ్ళూ కేకులు, పైలు, భోజనాలు అమ్మి వచ్చిన డబ్బును ఉద్యమం నడిపిన కార్ల పెట్రోలుకూ ఖర్చులకూ ఇచ్చేవారు. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే "ఎక్కడినుంచీ కాదు" అనేవారు, ఆ జట్టు పేరే 'ఎక్కడినుంచీ కాని క్లబ్బు'. తెల్లవాళ్ళు కూడా ఆ కేకులు కొన్నారట, ఆ డబ్బు ఎక్కడికి చేరుతోందో తెలియకుండానే. ఇలాంటి వంటగదుల్లో తిరిగిన గరిటెల సంగతి చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంతో అయిపోతుంది, నాకది అన్యాయంగా తోస్తుంది. దీని గురించి ఇంకా రాయాలి, కాని

పూత సంగతి ముందు చెప్పాలి. పాకం చిక్కబడ్డాక రెండు మూడు నిమిషాలే వ్యవధి. నేను పోస్తుంటే ఆవిడ వేడినీళ్ళలో ముంచిన కత్తితో సర్దారు, చివర్లో గిన్నెలో గట్టిపడితే చెంచాడు వేడిపాలతో మళ్ళీ లొంగదీశారు. ఇవాళ చర్చిలో కోసిన ముక్క తిన్నాను. పంటి కింద పైపొర సన్నగా విరిగి, లోపలిది వెన్నలా కరిగి, చివర్లో మాడిన పంచదార చేదు ఒక్క లవలేశం తగిలింది. పెద్దవాళ్ళు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఈసారి కూడా చేయి తప్పలేదని మామ్మగారిని మెచ్చుకుంటే, ఆవిడ ప్రతిసారీ నన్ను చూపించారు. నా గొంతు పట్టేసింది.

మీ నాయనమ్మగారు పోయినప్పుడు నేను రాలేకపోయాను. ఆ మాట ఇవాళ్టిదాకా నీతో సరిగా అనలేదు. ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను, అప్పటినుంచీ అది నన్ను తినేస్తోంది. నిన్న ఆ కప్పులోకి చూస్తూ ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నట్టే ఉంది. ఆ ఇత్తడి పళ్ళెం ఇంకా మీ ఇంట్లో ఉందా? అరిసెల మూకుడో? ఎవరికైనా ఇచ్చేశారా? వెంటనే రాయి. ఉంటే తోమించవద్దు, సంక్రాంతికి నేను వస్తున్నాను. మామ్మగారు అరిసె తినాలంటున్నారు.

క్రిస్మస్‌కు లేన్ కేకు చేద్దామన్నారు. ఈ రాష్ట్రంలోనే ఉన్న క్లేటన్‌లో ఎమ్మా రైలాండర్ లేన్ అనే ఆవిడ 1898లో పుస్తకంలో అచ్చు వేయించిన కేకు అది, 2016లో అలబామా రాష్ట్ర మిఠాయిగా ప్రకటించారు. గుడ్ల పచ్చసొన, ఎండుద్రాక్ష, విస్కీ పోసిన కూరు పెడతారు, దాన్ని కొన్నాళ్ళు ముందే చేసి నాననివ్వాలట. విస్కీ అనగానే నీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు, ఆ పేరు మాత్రం ఇంట్లో ఎవరిముందూ

మామ్మగారు తలుపు కొడుతున్నారు. ఖాళీ పళ్ళెం తెచ్చినట్టున్నారు. ఉంటాను.

నీ
గోడ దూకిన నేస్తం