డెలివరీ అయిందని మెసేజ్ వచ్చింది, బట్టలు మాత్రం రాలేదు

అందరికీ నమస్కారం. అంబర్‌పేటలోని మా డ్రైక్లీనింగ్ షాపుకి బట్టలిచ్చే నల్లకుంట, విద్యానగర్, బాగ్ అంబర్‌పేట కస్టమర్ల కోసం ఇది రాస్తున్నాను.

గత శనివారం సాయంత్రం మీలో పదకొండు మందికి మీ బట్టలు డెలివరీ అయ్యాయని మెసేజ్ వెళ్ళింది. అప్పటికి ఆ బట్టలన్నీ మా ర్యాక్ మీదే ఉన్నాయి. ఒకావిడ మర్నాడు పెళ్ళికి కట్టుకోవాల్సిన గద్వాల చీర ఎవరింటికి పోయిందోనని రాత్రంతా నిద్రపోలేదట. ఆదివారం పొద్దున ఆరింటికే నేనే వెళ్ళి చీర ఇచ్చి వచ్చాను. ఆమె పడ్డ టెన్షన్‌కి మాత్రం నా దగ్గర జవాబు లేదు. తప్పు మాదే. అది ఎలా జరిగిందో మీకు తెలియాలి.

ఆ మెసేజ్‌లు పంపింది బట్టలకి మేం తగిలిస్తున్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల లెక్క, అంటే రేడియో తరంగాలతో చదివే చిన్న గుర్తింపు బిళ్ళల లెక్క. ముందు ఈ ట్యాగులు ఎందుకు పెట్టామో చెప్తాను. మొన్న కార్తీకంలో ఒక కస్టమర్ వాళ్ళమ్మగారి నారాయణపేట చీర పోగొట్టాం. చీటీ మీద నంబరు రాసి బట్టకి పిన్ను కొట్టే పద్ధతి అప్పుడు. ఉతికే షెడ్డులో చీటీ ఊడిపోయింది, చీర ఇంకో ఇంటి మూటలోకి వెళ్ళిపోయింది. పందొమ్మిది రోజులకు, ఆ ఇంటివాళ్ళు బీరువా సర్దుకుంటుంటే దొరికింది. వాళ్ళు చెప్పకపోతే దొరికేది కాదు. ఆ అమ్మగారు లేరు, చీర ఒక్కటే ఉంది. అన్ని రోజులూ ఆ కస్టమర్ షాపు ముందు నుంచి వెళ్తుంటే నేను తల ఎత్తలేకపోయాను.

మా తాత మూసీ ఒడ్డున ఉతికేవాడు. ఇంటికో గుర్తు ఉండేది. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి అడ్డగీత, చుక్క. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో బట్ట మూలన పెట్టేవాడు. ఎన్ని ఉతుకులకైనా ఆ గుర్తు పోదు. చాకలి గుర్తు చూస్తే చాలు, బట్ట ఏ ఇంటిదో తెలిసిపోయేది. ఇప్పుడు మా దగ్గర షాపు ఒకచోట, షెడ్డు ఒకచోట. మధ్యలో ఆటో, నలుగురి చేతులు. బట్ట ఎవరిదన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదు, చివరిసారి ఎక్కడ కనిపించిందో కూడా తెలియాలి. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు కొన్నది అందుకే.

మీ కారు అద్దం మీది ఫాస్టాగ్ లాంటిదే ఇదీ. లోపల బ్యాటరీ ఉండదు. చిన్న చిప్పు, దానికి సన్నని యాంటెన్నా, అంతే. దాన్ని చదివే యంత్రం, అంటే రీడర్ నుంచి వచ్చే రేడియో తరంగాల శక్తితోనే చిప్పు మేలుకుని తన నంబరు చెబుతుంది. మన దేశంలో వీటికి 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే రేడియో బ్యాండు ఉంది. 2005 నుంచి దానికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టే మాలాంటి చిన్న షాపులు కూడా వాడగలుగుతున్నాయి. బార్‌కోడ్ అయితే ఒక్కో బట్టా తిప్పి చూపించాలి. ఇది మూట కట్టి ఉండగానే, కొన్ని సెకన్లలో అన్ని నంబర్లూ చదివేస్తుంది. షెడ్డుకి నలభై వెళ్ళి ముప్పై తొమ్మిది తిరిగొస్తే ఆ సాయంత్రమే తెలుస్తుంది. కార్తీకంలో ఇది ఉండి ఉంటే మేం వెతకడం అదే రోజు మొదలుపెట్టేవాళ్ళం.

ఇక శనివారం సంగతి. షాపు తలుపు దగ్గర ఒక రీడర్ పెట్టాం, బయటికి వెళ్ళే బట్టలను చదవడానికి. ముహూర్తాల రద్దీలో చోటు చాలక ఒక ర్యాక్‌ని తలుపు పక్కకి జరిపాను. తలుపు దాటినవాటినే చదవాలన్న తెలివి రీడర్‌కి ఉండదు, అందినంత దూరంలో ఉన్నవన్నీ చదువుతుంది. పైగా ఇనుప ర్యాక్‌కి తగిలి తరంగాలు పక్కలకి కూడా కొడతాయి. ర్యాక్ మీద వేలాడుతున్నవన్నీ బయటికి వెళ్ళినట్టు లెక్కేసి మీకు మెసేజ్‌లు పంపేసింది. ర్యాక్ వెనక్కి జరిపించాం, రీడర్ పవర్ తగ్గించాం. ఇంకా ముఖ్యంగా, తలుపు దగ్గర చదివినంత మాత్రాన ఇకపై మెసేజ్ రాదు. మా అబ్బాయి బట్టలు మీ చేతికిచ్చి, మీ ముందే ఫోన్‌లో నొక్కాకే వస్తుంది. మొదటి రోజు నుంచే ఇలా చేయాల్సింది.

పట్టుచీరలతో ఇంకో ఇబ్బంది వచ్చింది. ట్యాగుని పట్టుకి గుచ్చం, చిల్లు పడుతుంది. ఫాల్‌కి లోపలివైపు పిన్నుతో తగిలిస్తాం. ఫాల్ ఉండేది అంచు వెనకే కదా, ఆ జరీలో లోహం ఉంటుంది. లోహం తరంగాలను తిప్పికొడుతుంది. చీర మడత పెడితే నిండు జరీ అంచు నాలుగు పొరలుగా ట్యాగుని కప్పేస్తుంది. మొదటి రెండు వారాలు కంచి చీరలు మా చేతుల్లో ఉండగానే కంప్యూటర్ లేవనేది. ఇప్పుడు ట్యాగుని పొట్టి నాడాకి కట్టి మడత బయటికి వేలాడేలా వదులుతున్నాం. జరీ చీరలు మాత్రం మనిషి కూడా లెక్కపెట్టాలి, అది మానం. తడి బట్టల దగ్గరా ఇదే గొడవ. నీళ్ళు తరంగాలను పీల్చేస్తాయి. అందుకే ఉతికేటప్పుడు లెక్క చూడం, ఆరాకే చూస్తాం.

చాలామంది అడుగుతున్నారు, మేం ఎక్కడికెళ్ళినా మీకు తెలుస్తుందా అని. తెలియదు. ఇది జీపీఎస్ కాదు, కొన్ని మీటర్లు దాటితే మా రీడర్‌కి కూడా అందదు. ట్యాగులో మీ పేరు, ఫోన్ నంబర్ ఉండవు, ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. అలాంటి రీడర్ ఉన్నవాళ్ళెవరైనా దగ్గరికొస్తే ఆ సంఖ్యని చదవగలరు, అది దాచను. అయితే అది ఎవరిదో మా లెక్కల్లో తప్ప ఎక్కడా ఉండదు. ఇళ్ళ బట్టలకి ట్యాగు కుట్టం, ఇచ్చేముందు తీసేస్తాం. లాడ్జీల దుప్పట్లకే కుట్టేస్తున్నాం. వాటికి వాడే రకం సుమారు 200 ఉతుకులు తట్టుకునేలా చేస్తారు.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఉతుకు తట్టుకునే ట్యాగు కాగితం స్టిక్కర్ ట్యాగు కన్నా చాలా ఖరీదు. రీడర్ల కోసం అప్పు కూడా చేశాను. అది మీ బిల్లులో వేయలేదు, వేయను. తొందరలో మేం తీయడం మర్చిపోయిన ట్యాగు మీ ఇంటికొస్తే, దయచేసి పారేయకుండా మా అబ్బాయికి ఇవ్వండి.

చివరగా, ఒక బట్ట ఇంకా దొరకలేదు. లేత గోధుమరంగు టస్సర్ కుర్తా, మెడ దగ్గర ఎర్ర దారంతో చిన్న ఎంబ్రాయిడరీ. గురువారం షెడ్డులో ఆరాక సాయంత్రం 6.40కి రీడర్ చదివింది, షాపుకి వచ్చినట్టు లెక్కలో లేదు. ఆ రాత్రి ఆటోలో వచ్చిన మూటలు పద్నాలుగు ఇళ్ళవి. వాళ్ళందరికీ ఫోన్ చేస్తున్నాను, ఇంకా ఆరుగురు మిగిలారు. శుక్ర, శనివారాల్లో మా దగ్గర బట్టలు తీసుకున్నవాళ్ళు ఒకసారి మూట విప్పి చూడండి. కనిపిస్తే ఫోన్ చేయండి చాలు, నేనే వచ్చి తీసుకుంటాను.