చరిత్రలో హెచ్ లేదు

ఒరేయ్ రాఘవా,

అంత పెద్ద అమెరికన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఆంధ్రుల చరిత్ర మీద ఒక్క తెలుగు పుస్తకమూ లేదంటావా! ఉండే ఉంటాయిరా. నువ్వు కొట్టిన స్పెల్లింగుకి దొరకలేదంతే.

అక్కడి కేటలాగుల్లో తెలుగు పేర్లు ఎక్కించేది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు లైబ్రరీ) వాళ్ల ఇంగ్లిషు అక్షరాల పద్ధతిలో, మన వాట్సాప్ తెలుగులో కాదు. అందులో ‘చ’కి ఒట్టి సి. పక్కన హెచ్ తగిలిస్తే అది ‘ఛ’ అయి కూర్చుంటుంది. అంచేత చరిత్ర కావాలంటే సి-ఎ-ఆర్-ఐ-టి-ఆర్-ఎ అని కొట్టు. చలం కూడా సి-ఎ తోనే మొదలు. శ, ష, స మూడింటికీ ఎస్ చాలు. వాటి పైనా కిందా గీతలూ చుక్కలూ ఉంటాయి గానీ, చాలా కేటలాగులు వెతికేటప్పుడు వాటిని పట్టించుకోవు. దీర్ఘానికి ‘ఎ’ రెండుసార్లు కొట్టకు. పేరు చివరి రావుకి తరచు ఆర్-ఎ-వి-యు అని ఉంటుంది, ఆర్-ఎ-ఓ కాదు.

‘శతకం’ అని ఉంటుందా, ‘శతకము’ అని ఉంటుందా అన్న గొడవొకటి. ఎస్-ఎ-టి-ఎ-కె-ఎ దాకా కొట్టి నక్షత్రం గుర్తు (*) పెట్టు, రెండూ వస్తాయి.

తెలుగు లిపిలో వెతికినా చిక్కే. ‘కథా సాహిత్యం’ అని విడగొట్టి ఎక్కించినదాన్ని ‘కథాసాహిత్యం’ అని కలిపి వెతికితే సున్నా. మన సంధులు మిషనుకేం తెలుసు! పేరులోంచి ఒక్క ముఖ్యమైన మాట మాత్రం కొట్టి చూడు.

ఒక్క పుస్తకం దొరికిందా, దాని రికార్డులో సబ్జెక్టు అని ఉన్న లింకు నొక్కు. నీకు తట్టని మాటలు అక్కడుంటాయి. మన వంటల పుస్తకాలకి అక్కడ ‘కుకింగ్, ఇండిక్’ అని పేరు. ఇండియన్ అని వెతికేవాడికి ఎలా దొరుకుతాయి చెప్పు?

ఇక కాల్ నంబరు, అంటే అరలో పుస్తకం చోటు చెప్పే నంబరు. డ్యూయీ పద్ధతి (విషయాలకి అంకెలిచ్చే పద్ధతి) లైబ్రరీలో తెలుగు సాహిత్యం 894.827. చుక్క తర్వాత అంకెల్ని ఒక్కొక్కటిగా పోల్చాలి, ఎనిమిది వందల ఇరవై ఏడు అని చదవకూడదు. అందుకే 894.83 దాని తర్వాత వస్తుంది, ముందు కాదు. చాలా యూనివర్సిటీల్లో డ్యూయీ ఉండదు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల పద్ధతి ఉంటుంది, అందులో తెలుగు సాహిత్యం పి.ఎల్. అక్షరాల వరసలో. నంబరు మొత్తం రాసుకో, చివరి సంవత్సరంతో సహా, లేకపోతే వేరే ముద్రణ చేతికొస్తుంది.

‘అవైలబుల్’ అని ఉన్నా అరలో లేకపోతే కంగారు పడకు. సర్దాల్సిన ట్రాలీలోనో, పక్క వరసలోనో ఉంటుంది. కౌంటర్లో అడిగితే వెతికిపెడతారు. అక్కడ బొత్తిగా లేకపోతే వరల్డ్‌క్యాట్‌లో (వేల లైబ్రరీల ఉమ్మడి కేటలాగు) ఏ ఊళ్లో ఉందో చూసి, ఇంటర్ లైబ్రరీ లోన్ (వేరే లైబ్రరీ నుంచి అరువు) పెట్టు. ఫారంలో ఓసీఎల్సీ నంబరు (వరల్డ్‌క్యాట్‌లో ఆ పుస్తకం రికార్డుకున్న నంబరు) వేస్తే పొరపాటు పుస్తకం రాదు.

అన్నట్టు, మన పుస్తకాలు అన్నన్ని అక్కడికెలా చేరాయో తెలుసా? పి.ఎల్.-480 (పబ్లిక్ లా 480 అనే అమెరికా చట్టం) కింద వచ్చిన గోధుమలకి మనం రూపాయల్లో కట్టిన సొమ్ములో కొంతతో 1962 నుంచి ఇక్కడ కొని పంపారు. ఆ రోజుల నాటి పుస్తకాలు కావాలంటే ప్రచురణ సంవత్సరం 1960–1985 అని బిగించి వెతుకు.

ముందు ఆ సి-ఎ-ఆర్-ఐ కొట్టి, ఎన్ని వచ్చాయో రాయి.

నీ
సుబ్బు