బోమ్ జీసస్ గోడలకు గచ్చు: లోపలి కొయ్యపనిని చూసి తేల్చాలి

సంపాదకులకు,

పాత గోవాలోని బోమ్ జీసస్ బసిలికా బయటి గోడలకు మళ్లీ సున్నపు గచ్చు వేయాలా, ఇప్పుడున్నట్టే ఎర్రరాయి కనబడేలా వదిలేయాలా అన్న వాదన కొన్నేళ్లుగా నడుస్తోంది. గచ్చు వేయాలని చర్చి వర్గాలు కోరుతుంటే, కంటికి అలవాటైన ఆ రూపం పోతుందని కొందరు అభ్యంతరం చెబుతున్నారు. దీనిపై వచ్చే రాతలు ఎక్కువగా భవనం బయటికి ఎలా కనబడాలన్న దాని చుట్టూనే తిరుగుతున్నాయి. గోడకు లోపలి వైపు ఏముందో, వానకు తడిసే ఈ గోడ వల్ల దానికి ఏమవుతుందో చూశాకే నిర్ణయానికి రావాలన్నది నా అభిప్రాయం.

1594లో కట్టడం మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ దేవాలయంలో తూర్పు గోడను కిందినుంచి పైదాకా కప్పేసేది బంగారు పూత పూసిన ప్రధాన బలిపీఠం. అందులో బాలయేసు స్వరూపం చిన్నది. దానిపైన యేసుసభ (జెస్యూట్ సన్యాసుల సంఘం) స్థాపకుడైన లొయోలా ఇగ్నేషియస్ భారీ స్వరూపం ఉంది. ఆయన చూపు తన తలపైనున్న సూర్యబింబం మీద నిలిచి ఉంటుంది, ఆ బింబంలో యేసు నామాన్ని సూచించే మూడు అక్షరాలున్నాయి, ఇంకా పైన త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ. దక్షిణ గోడకు అమర్చిన కొయ్య ప్రసంగ వేదికను గైడ్లు రెండు మాటల్లో దాటేస్తారు గానీ, ఆ దేవాలయంలో తీరిగ్గా చూడవలసిన వస్తువు నా లెక్కలో అదే. దాని పక్కల మీద యేసు, సువార్తలు రాసిన నలుగురు, క్రైస్తవ సభ తన ఆచార్యులుగా ఎంచే మరో నలుగురు పునీతులు కొలువుదీరి ఉండగా, అడుగున ఏడు ఆకృతులు ఆ బరువంతా తామే మోస్తున్నట్టు చెక్కారు. ఫ్రాన్సిస్ శౌరివారి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) భౌతికకాయమున్న ప్రార్థనాలయంలోనూ మెలితిరిగిన కొయ్య స్తంభాలు, పూల చెక్కడాలు, గోడల పైభాగాన ఆ పునీతుడి జీవిత ఘట్టాల చిత్రాలు ఉన్నాయి.

బంగారానికి తుప్పు పట్టదు గనుక వీటికి ఏమీ కాదనుకోవడం పొరపాటు. కొయ్య మీద బంగారం నేరుగా నిలవదు. ఈ పని తెలిసినవారు సుద్దను జంతువుల తోలు నుంచి కాచి తీసిన జిగురులో కలిపి పొరలు పొరలుగా పూసి, ఆరాక నున్నగా అరగదీసి, దానిమీద మెత్తని ఎర్రమట్టి పూత వేసి, ఆ తరువాతే ఊపిరి తగిలినా లేచిపోయేంత పలుచని బంగారు రేకును అంటించి మెరుగుపెడతారు. ఆ పొరలన్నిటినీ పట్టి ఉంచేది జిగురు. జిగురుకు చెమ్మ గిట్టదు. పైగా వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో ముడుచుకునే కొయ్యతో పాటు సుద్దపొర సాగలేదు కాబట్టి, సన్నని పగుళ్లు వచ్చి, బంగారం సుద్దతో సహా పెచ్చులుగా లేచిపోతుంది. తడిసిన కొయ్యకు చెదలు, బూజు ఎలాగూ తప్పవు.

ఇక గోడ సంగతి. ఈ ఎర్రరాయి పేరు లేటరైట్. అది సన్నని రంధ్రాలున్న రాయి, నీటిని పీల్చుకుంటుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట దాన్ని వాడిన మేస్త్రీలకు ఈ విషయం తెలుసు. అందుకే ముఖభాగం మినహా బయటి గోడలన్నిటికీ సున్నపు గచ్చు వేశారు. ఆ గచ్చును 1950వ దశకంలో, పోర్చుగీసు పాలన చివరి రోజుల్లో, రాతిని చూపించాలన్న ఉద్దేశంతో తీయించారు. అంటే నేడు మనం ప్రాచీన రూపమని మురిసిపోతున్న ఎర్రగోడ వయసు నిండా ఎనభై ఏళ్లు కూడా లేదు! అల్లంత దూరంలోనే ఉన్న సే కేథడ్రల్ తెల్లని సున్నపు గోడలతో నిలిచి ఉండగా, అది నకిలీదని ఎవరూ అనడం లేదు.

గచ్చు తీయించగా వచ్చినదైనా ఆ రూపమూ ఇప్పుడు చరిత్రలో భాగమేనన్న వాదనను నేను కొట్టిపారేయను. అయితే గోడ రూపాన్ని తరువాతి తరాలు మార్చుకోగలవు. పెచ్చులూడిన బంగారు పనిని అదే చేతితో తిరిగి చేయించలేం. ఊడిన చోట బంగారు రంగు డబ్బా తెచ్చి పూయడమనే తేలిక మార్గం పాత చర్చిలకు కొత్తేమీ కాదు. అందులో ఉండేది ఇత్తడి పొడి, కొన్నేళ్లకే అది నల్లబడి, చుట్టూ మిగిలిన అసలు బంగారాన్ని కూడా మురికిలా కనిపించేలా చేస్తుంది. గచ్చు విషయంలోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. త్వరగా గట్టిపడుతుందని సిమెంటు కలిపితే గోడలో చేరిన తడి బయటికి ఆరే దారి మూసుకుపోయి, లోపలి వైపుకు, అంటే బలిపీఠం వెనక్కే తిరుగుతుంది. సున్నం తప్ప మరొకటి వాడకూడదు.

ఫొజ్జీని అనే ఫ్లోరెన్సు శిల్పి మలచగా, ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడో కోసిమో మెడిచీ పంపగా, 1698లో ఇక్కడ నిలబెట్టిన శౌరివారి పాలరాతి సమాధి పీఠం గురించి గానీ, దానిపైన గోవా పనివారు 1636-37లో చేసిన వెండి పేటిక గురించి గానీ నాకు ఇంత బెంగ లేదు. యాత్రికుల కళ్లన్నీ వాటిమీదే ఉంటాయి, ఏ చిన్న లోపం వచ్చినా గగ్గోలు పుడుతుంది. గోడను ఆనుకుని ఉన్న కొయ్యకు అలాంటి కాపలా లేదు.

ఈ దేవాలయం రోజూ దివ్యబలిపూజ జరిగే ఆరాధనాస్థలం, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, 1986 నుంచి యునెస్కో జాబితాలోని వారసత్వ సంపద. కాబట్టి ఒక్కరి మాటతో తేలే వ్యవహారం కాదు. పురావస్తు శాఖ కనీసం ఒక వానాకాలం పొడవునా గోడల్లోనూ, బలిపీఠాల వెనుకా, ప్రసంగ వేదిక దగ్గరా చెమ్మను కొలిపించి ఆ వివరాలను ప్రజల ముందుంచాలి; కొయ్యపని, బంగారు పని తెలిసిన సంరక్షణ నిపుణులకు కట్టడాల ఇంజినీర్లతో సమానంగా ఈ నిర్ణయంలో చోటివ్వాలి. గచ్చు అవసరమని తేలితే ముందు ఒక పక్కగోడలో కొంత మేర సున్నంతో వేయించి, రెండు వానాకాలాలు గమనించి, ఆ తరువాతే మిగతా గోడలకు వెళ్లవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు