నీళ్ల బదులు బీరు పోసేముందు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో సబ్బు చేసుకోవడం మీద మీ ఆదివారం అనుబంధంలో వేసిన పేజీ బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. చివర్లో మాత్రం "కొత్తదనం కావాలంటే నీళ్ల బదులు బీరు గానీ వైన్ గానీ వాడొచ్చు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. వాడొచ్చు, కాదనను, నేనూ వాడతాను. కానీ ఎలా వాడాలో చెప్పకుండా ఆ మాట అనేస్తే, చదివినవాళ్లు సీసా మూత తీసి నేరుగా కాస్టిక్ సోడాతో, అంటే నూనెని సబ్బుగా మార్చే ఘాటైన క్షారంతో, కలిపేస్తారు. అదీ నా టెన్షన్.

బీరులో నీళ్లతో పాటు గ్యాస్ ఉంటుంది, ఆల్కహాల్ ఉంటుంది, చక్కెరలుంటాయి. కాస్టిక్ సోడాకి ఈ మూడింటితోనూ పేచీయే. మామూలు నీళ్లలో కలిపినా అది 80 డిగ్రీలు దాటేంత వేడెక్కగలదు. అలాంటిది గ్యాస్ పోని బీరులో వేస్తే, ఆ గ్యాస్ అంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చి, ఆల్కహాల్ ఆవిరై, పాలు పొంగినట్టు పొంగి గిన్నె దాటి గట్టు మీదికి, అక్కడి నుంచి కాళ్ల మీదికి కారుతుంది. ఆ నురగ అంతా చర్మాన్ని కాల్చే క్షారమే. గిన్నె అల్యూమినియందైతే గొడవ ఇంకా పెద్దది, ఆ లోహాన్నే తినేస్తూ మండే హైడ్రోజన్ వాయువుని వదులుతుంది. స్టీలు గిన్నె గానీ, వేడికి తట్టుకునే మందపాటి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ జగ్గు గానీ వాడాలి, అదీ పోసే ద్రవానికి మూడింతలు పట్టేది.

కాబట్టి అసలు పని ముందురోజే మొదలవుతుంది. బీరుని వెడల్పాటి గిన్నెలో పోసి సన్నని సెగ మీద పెట్టాలి. మొదట్లో నురగ విపరీతంగా వస్తుంది, పక్కనే నిలబడి గరిటెతో తిప్పుతూ ఉండాలి, కిటికీలు తీసి ఉంచాలి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కదా, ఐదు నిమిషాల్లో పోతుందిలే అనుకుంటారు చాలామంది. నీళ్లలో కలిసిపోయిన ఆల్కహాల్ అంత తేలిగ్గా వదలదు. కొలత సగానికి దిగేదాకా మరిగించడమే మంచిది. చల్లారాక తూకం వేసి, తగ్గినంత బరువుకి మంచినీళ్లు కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. అలా నీళ్లు కలపకపోతే, మరిగి చిక్కబడిన చక్కెర మొత్తం అచ్చులో తడాఖా చూపిస్తుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

కొంతమంది బీరుని ఐస్ ముక్కలుగా గడ్డకట్టించి వాటి మీద కాస్టిక్ సోడా చల్లుతారు. వేడి అదుపులో ఉంటుంది, మంచి పద్ధతే, కాకపోతే తొందరపడితే గింజలు కరగకుండా అడుగున ఉండిపోతాయి. చెంచా చెంచాగా వేస్తూ, ప్రతిసారీ పూర్తిగా కరిగాకే తర్వాతి చెంచా వేయాలి, చివర్లో స్టీలు జల్లెడతో వడకట్టాలి. ఎప్పుడైనా సోడానే ద్రవంలో వేయాలి గానీ, సోడా మీద ద్రవం పోయకూడదు. కలిపేటప్పుడు ముక్కు పగిలే వాసన, దాదాపు అమ్మోనియాలాంటిది, వస్తుంది. పాడైపోయిందని పారబోయకండి. సబ్బు ఆరేకొద్దీ అది పోతుంది.

నన్నడిగితే కొత్తవాళ్లకి ఇంకో దారి నయం. కాస్టిక్ సోడా ఎంత బరువుందో అంతే బరువు మామూలు నీళ్లలో దాన్ని కరిగించి చల్లార్చుకోండి. 100 గ్రాముల సోడాకి 100 గ్రాముల నీళ్లు. వంటకంలో మిగిలిన ద్రవం, అంటే ఇంకో 100 గ్రాములు, మరిగించి చల్లార్చిన బీరుగా నూనెల్లోనే కలిపేసుకోండి. సోడా, బీరు నేరుగా ఎదురుపడవు కాబట్టి పొంగూ ఉండదు, కంపు కూడా తక్కువే.

ఇంత చేసినా కొన్నిసార్లు నూనెల్లో సోడా ద్రవం పోసి బ్లెండర్ పెట్టిన అర నిమిషంలోనే మిశ్రమం ముద్దకట్టి, గరిటె నిలబడిపోయేంత గట్టిపడుతుంది. బీరులో ఆల్కహాల్ మిగిలిపోయి ఉండొచ్చు, లేదా లవంగ నూనె లాంటి సువాసన వేసి ఉండొచ్చు, అది మామూలు సబ్బునే పరుగులు పెట్టిస్తుంది. అంతమాత్రాన చెత్తబుట్టలో పడేయక్కర్లేదు. గిన్నెని వేడినీళ్ల మీద పెట్టి మూతపెట్టి, మధ్యమధ్యలో కలుపుతూ, అంతా ఒకే రకంగా మైనంలా అయ్యేదాకా ఉడికించి అచ్చులోకి నొక్కేయండి. సబ్బు పైన ఎగుడుదిగుడుగా ఉంటుంది గానీ పనిచేస్తుంది. తర్వాతిసారి బ్లెండర్‌ని పక్కన పెట్టి చేత్తోనే కలపండి.

ఇక అచ్చులో జరిగేది. మామూలు సబ్బుకైతే దుప్పటి కప్పమని చెప్తారు. బీరు సబ్బుకి ఆ పని చేయకండి. చక్కెర వల్ల అది తనంతట తనే వేడెక్కుతుంది, మధ్యలో ముదురు రంగు తిరిగి, పైన పగిలి, ఒక్కోసారి ఉబ్బి అచ్చులోంచి బయటికొస్తుంది. మామూలు లాగర్ బీరులో లీటరుకి సుమారు 30 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. తీపి వైన్‌లోనైతే చక్కెరే 45 గ్రాములు దాటుతుంది, డ్రై వైన్‌లో 4 గ్రాముల లోపే. అందుకే వైన్ కొంటే డ్రైది కొనండి. అచ్చు నింపగానే గాలి తగిలేచోట గానీ ఫ్రిజ్‌లో గానీ పెట్టి, మొదటి రెండు మూడు గంటలు ఒక కన్నేసి ఉంచాలి. పగుళ్లు మొదలైతే చల్లటి చోటికి మార్చి, గ్లవ్స్ వేసుకుని వేళ్లతో నొక్కి సర్దొచ్చు.

కోసినప్పుడు తెల్ల మచ్చలు కనిపిస్తే అన్నీ ఒకటే అనుకోవద్దు. పైపైన పొడిలా ఉన్నది గాలి తగిలి ఏర్పడిన సోడా బూడిద, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, చర్మానికి హాని లేదు. లోపల గుంటల్లో గట్టి పలుకులుండి, వాటి చుట్టూ నీరు ఊరుతుంటే మాత్రం అది కరగని కాస్టిక్ సోడా. అక్కడ తడిచేసి, క్షారం ఎంతుందో చూపే పీహెచ్ పట్టీ పెడితే, 9-10 మధ్య ఉండాల్సింది 12 దాటి చూపిస్తుంది. ఆ సబ్బు ఎవరికీ ఇవ్వకూడదు, ఒంటికి రాయకూడదు.

రెడ్ వైన్ వేస్తే ఎర్రటి సబ్బు వస్తుందని ఆశపడేవాళ్లకి ఒక మాట. వైన్‌లో ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపులో ఎర్రగా ఉంటాయి, క్షారం తగలగానే ఆకుపచ్చ, నీలం తిరిగి చివరికి మట్టిరంగులో స్థిరపడతాయి. ఎరుపు కావాల్సిందే అంటే ఎర్ర క్లే, అంటే ఎర్ర బంకమట్టి పొడి, వేసుకోండి. వైన్‌లో పులుపు సోడాని మింగేస్తుందని, అందుకని సోడా ఎక్కువ వేయాలని కూడా కొందరు భయపెడతారు. 200 మిల్లీలీటర్ల వైన్‌లో ఉండే ఆమ్లానికి మహా అయితే ఒక గ్రాము సోడా సరిపోతుంది. దానికోసం లెక్క మార్చి సోడా పెంచారంటే ఒళ్లు మండే సబ్బు వస్తుంది. లెక్క మారాల్సింది నూనె మార్చినప్పుడు. కిలో కొబ్బరి నూనెకి దాదాపు 183 గ్రాముల సోడా పడుతుంది, అదే ఆలివ్ నూనెకి 135 చాలు. ఆ లెక్కకొచ్చిన సోడాలో 5 శాతం తగ్గించి వేయడం ఆనవాయితీ.

ఇంత తతంగం దేనికంటారా? నురగ కొంచెం చిక్కగా వస్తుంది, అంతే. నీళ్లలో చెంచా చక్కెర కరిగించినా దాదాపు అదే నురగ వస్తుంది. చర్మానికి విటమిన్లని డబ్బా మీద రాసుకునేవాళ్ల మాట నేను నమ్మను. బీరు వాసన కూడా నిలవదు. అయినా చేసుకోవాలని సరదా ఉంటే చేసుకోండి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి.

చివరిగా, మీ పేజీలో లేదు గానీ ఊరంతా చెప్పే చిట్కా ఒకటుంది, సోడా చేతిమీద పడితే వెనిగర్ పోయమని. పోయకండి. తడిసిన బట్ట తీసేసి, కనీసం 20 నిమిషాలు కుళాయి కింద నీళ్లు ధారగా పోనివ్వండి. కంట్లో పడితే అలాగే కడుగుతూ, ఇంకొకరితో వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయించండి. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా కాస్టిక్ సోడా సీసా మూత కూడా తీయొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఇంట్లో సబ్బులు చేసుకునే మీ పాఠకురాలు