ఆదివారం లాంచ్‌కి ముందు బాఫిల్ చూసుకోండి
అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 7 గంటలకు మోడల్ రాకెట్లు ఎగరేస్తున్నాం. బాఫిల్ (మోటారుకీ పారాచూట్‌కీ మధ్య నిప్పు నుసిని ఆపే రంధ్రాల ప్లేట్ల జత) పెట్టుకున్నవాళ్లు శనివారం రాత్రికల్లా ఒకసారి చూసుకోండి.

రెండు ప్లేట్ల రంధ్రాలు ఎదురెదురుగా ఉండకూడదు. ఎజెక్షన్ వాయువు (పారాచూట్‌ను బయటికి నెట్టడానికి మోటారు చివర్లో వదిలే వేడి వాయువు) మలుపు తిరిగి పైకి పోతుంది. మండుతున్న నుసి మాత్రం అంత తేలిగ్గా తిరగలేక ప్లేటుకు కొట్టుకుని ఆగిపోతుంది. పారాచూట్ కాలకుండా బయటపడేది అందుకే. అలాగని రంధ్రాలు మరీ చిన్నవైతే వాయువు పైకి పోలేదు, ఆ ఒత్తిడికి మోటారే వెనక్కి ఊడొస్తుంది.

అతుకులకు ఎపాక్సీయే వాడండి, హాట్ గ్లూ వేడికి మెత్తబడిపోతుంది.

పాత బాఫిల్ అయితే తలకిందులు చేసి తట్టండి, మసి రాలుతుంది. షాక్ కార్డ్ (రాకెట్ ముక్కును బాడీకి కట్టి ఉంచే తాడు) ముడి దగ్గర మాడిందా? మార్చేయండి.

కొత్తదాంతో మొదటిసారి ఎగరేసేవాళ్లు రెండు వ్యాడింగ్ కాగితాలు (పారాచూట్ కింద పెట్టే, మంట అంటుకోని కాగితాలు) కూడా పెట్టండి, పోయేదేం లేదు.

చూసుకున్నవాళ్లు ఇక్కడే "ఓకే" పెట్టండి.