జెండా ఊపడానికి అందరూ వస్తారు

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ పిల్లల చికిత్స కోసం నెక్లెస్ రోడ్డు మీద జరిగిన పరుగు గురించి మీరు పోయిన సోమవారం పెద్ద ఫొటోతో వేశారు. రాయకూడదనే అనుకున్నాను, కానీ ఆ ఫొటో మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. జెండా కర్ర పట్టుకున్న చేతులు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. పరుగెత్తినవాళ్లు ఒక్కరూ లేరు. వెనక మూలన సగం మొహం కనబడుతోంది, అది మా పక్కింటాయనదేనని మా ఆవిడ వాదన.

ఐదున్నరకు మొదలు కావాల్సిన పరుగు ముఖ్య అతిథి కోసం ఆరు దాటేదాకా ఆగింది. వార్మప్ చేసి నిలబడ్డ ఒళ్లు మళ్లీ చల్లబడిపోయింది. ఆ తర్వాత నలుగురు మాట్లాడారు. నలుగురూ ఆరోగ్యమే మహాభాగ్యం అన్నారు.

నిర్వాహకులను పూర్తిగా తప్పుపట్టను. దారి పొడవునా నీళ్లు, ఓఆర్‌ఎస్ అందాయి. వాలంటీర్ పిల్లలు గొంతు పోయేలా అరిచి ఉత్సాహపరిచారు. కానీ అసలు వార్త మీ వార్తలో లేదు. కృత్రిమ కాలితో ఒక పెద్దాయన పది కిలోమీటర్లూ పూర్తి చేశారు. అరవై దాటి ఉంటాయి. మధ్యలో పక్కన కూర్చుని, కాలు విప్పి, లోపలి తొడుగు సర్దుకుని మళ్లీ బయల్దేరడం నేను చూశాను. ఆయన వచ్చేసరికి ఫినిష్ లైన్ ఆర్చిలో గాలి తీసేస్తున్నారు. మెడల్ పెట్టెలు వ్యాన్ ఎక్కేశాయి. మేం నలుగురం గొడవ చేస్తే ఒక పెట్టె దింపి మెడల్ ఇచ్చారు. వేదిక మీది పెద్దలు అప్పటికే టిఫిన్లకు వెళ్లిపోయారు.

క్యాన్సర్ కోసం పరుగు అంటే ఎవరికైనా టెర్రీ ఫాక్స్ గుర్తుకు రావాలి. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడి కాలు పోయింది. 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికని బయల్దేరి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితే ఆగక తప్పలేదు. మరుసటి ఏడాది 22 ఏళ్లకే పోయాడు. తన పరుగును అడ్డం పెట్టుకుని కంపెనీలు ప్రచారం చేసుకోవడానికి ఒప్పుకోలేదు. మాకిచ్చిన టీషర్టు వీపు మాత్రం దసరా సేల్ కరపత్రంలా ఉంది. అన్ని కంపెనీలు కలిసి ఎంత ఇచ్చాయో, మా రిజిస్ట్రేషన్ డబ్బులో ఆసుపత్రికి ఎంత చేరిందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ముంబై మారథాన్‌లో ఏ సంస్థకు ఎంత విరాళం వచ్చిందో ఏటా బయటపెడతారు. మనవాళ్లకు ఏం అడ్డొచ్చిందో.

సరే, ఆ ఒక్క ఆదివారం వదిలేయండి. మిగతా వారం సంగతేంటి? మంగళవారం ఇంటర్వల్స్ చేయాలి, అంటే 400 మీటర్లు గట్టిగా పరిగెత్తి, కాస్త నడిచి, మళ్లీ పరిగెత్తడం. దానికి మైదానం కావాలి. మా దగ్గర మైదానం ఉంది, దాని గేటుకు తాళమూ ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే చెవి పెద్దసారు దగ్గరుందంటాడు. పెద్దసారు పై ఆఫీసు నుంచి లెటర్ తెమ్మంటారు. పెళ్లి రిసెప్షన్లకు మాత్రం అదే గేటు ఏ లెటరూ లేకుండా తెరుచుకుంటుంది.

గురువారం టెంపో రన్, ఒకే వేగంతో అరగంట. మల్కాజిగిరి నుంచి నేరేడ్‌మెట్ వైపు ఒకే వేగంతో అరగంట పరుగెత్తగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే నేరుగా ఒలింపిక్స్‌కు పంపేయొచ్చు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, అది దాటితే ఎవరిదో కారు, అదీ దాటితే మూత లేని మ్యాన్‌హోల్. రోడ్డు మీదకు దిగితే రాంగ్ రూట్లో పాల వ్యాన్. కుక్కల సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు, మా గ్రూపులో కర్ర లేకుండా ఎవరూ బయల్దేరరు. చీకట్లో పరుగెత్తడం మానేసి జిమ్‌లో ట్రెడ్‌మిల్‌కు డబ్బు కడుతున్న ఆడవాళ్లు ఎంతమందో. ఇక ఆదివారం లాంగ్ రన్‌కు పెట్రోలు పోయించుకుని కేబీఆర్ పార్కు దాకా పోవాలి. పరుగెత్తడానికి కారు కావాలన్నమాట!

ఇదంతా నాబోటి సరదా రన్నర్ల గొణుగుడు అనుకుంటే పొరపాటు. 2023 జూలైలో బండ్లగూడ దగ్గర పొద్దున్నే నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లను అతివేగంగా వచ్చిన కారు బలితీసుకుంది. 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పరుగెత్తిన ఫౌజా సింగ్ 2025 జూలైలో పంజాబ్‌లో తన ఊళ్లో రోడ్డు దగ్గర వాహనం ఢీకొని చనిపోయారు. లండన్, టొరంటో రోడ్లు ఆయన్ని ఏమీ చేయలేదు. అంతకు రెండు నెలల ముందే, పాదచారులకు ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట మా వార్డు దాకా ఇంకా రాలేదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సోలార్ పైకప్పు వేశారు. సంతోషమే. మల్కాజిగిరి నుంచి అక్కడి దాకా సైకిల్ మీద ప్రాణాలతో ఎలా చేరాలో కూడా ఒక బోర్డు పెడితే బాగుండేది.

మేం అడిగేది పెద్దదేం కాదు. మైదానాల గేట్లు ఉదయం ఐదింటికి తీయండి, రెండు గంటలు చాలు. ఫుట్‌పాత్ మీద కార్లు తీయించండి. వచ్చే పరుగుకు అతిథులు వచ్చినా రాకపోయినా చెప్పిన టైముకు మొదలుపెట్టండి, చివరి మనిషి వచ్చేదాకా ఆర్చి ఉంచండి, లెక్కలు చెప్పండి.

మీకూ ఒక విన్నపం. ఏదో ఒక మంగళవారం ఐదున్నరకు మీ విలేకరిని మా వైపు పంపండి. ఆ రోజు వీఐపీలు రారు, ట్రాఫిక్ ఆపరు. కర్ర తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్